సూది వేసే ముందు మాట చెప్పండి



మన తండాల్లో ఆడవాళ్ళు నలుగురు ఒకచోట కూర్చుంటే మెల్లగా మాట్లాడుకునే సంగతి ఒకటుంది. మగవాళ్ళు అటు వస్తే ఆ మాట ఆగిపోతుంది. ఆశా వర్కర్ ముందు సగమే బయటికొస్తుంది. డాక్టర్ ముందు అసలే రాదు. "ఆ మాత్రలు మింగుతున్నప్పటి నుంచీ ఏమో, మనసు బాగుండట్లేదక్కా." "ఆ సూది వేయించుకున్నాక ఊరికే ఏడుపొస్తోంది." "పిల్లోడు పిలిచినా చిరాకే, మొగుడు పలకరించినా చిరాకే."

ఈ మాటలు నిజమా, ఆ అక్కల భ్రమా? దీని గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. తమ్ముళ్ళూ, ఇది ఆడవాళ్ళ విషయం అని పక్కకు జరపొద్దు. చివరిదాకా చదవండి. మీకు చెప్పాల్సింది కూడా ఉంది.

ముందే ఒకటి స్పష్టంగా చెప్పుకుందాం. ఇది "గర్భం రాకుండా వాడే మాత్రలు మానేయండి" అని చెప్పే పోస్టు కాదు. ఆ మాత్రలు కోట్లమంది ఆడవాళ్ళకు ఎప్పుడు కనాలో, కనకూడదో తేల్చుకునే బలాన్నిచ్చాయి. వద్దనుకున్న గర్భం, ఏడాది తిరక్కుండానే మళ్ళీ కాన్పు, రక్తం లేని ఒంటితో మరో కాన్పు, ఇవి కూడా మనసును చితక్కొడతాయి. ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక్కటే. హార్మోన్ మందు కొందరి మనసు మీద పనిచేస్తుంది. ఆ సంగతి మందు ఇచ్చే ముందే చెప్పాలి. ఇచ్చాక ఆమె తన బాధ చెబితే నమ్మాలి. ఇది ఎవరో దయతలచి చేసే పని కాదు, మన హక్కు.

మన నేల సంగతి

విడపనకల్లు చూసినవాళ్ళకు ఆ నేల తెలుసు. గుంతకల్లుకీ బళ్లారికీ మధ్యన, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉంటుంది. దేశంలోనే అతి తక్కువ వానపడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. వాన పడితే పంట, పడకపోతే మూట కట్టుకుని బళ్లారికో బెంగళూరుకో పోవడమే. ఈ జిల్లాలో ఉన్న మన సుగాలీలు, ఎరుకలవాళ్ళు మైదాన ప్రాంత గిరిజనులు. అనంతపురం షెడ్యూల్డ్ ఏరియా కాదు. ఏజెన్సీలో లాగా మన కోసం ప్రత్యేకంగా ఒక ఐటీడీఏ ఆఫీసు, దాని కింద ఆరోగ్యం చూసే యంత్రాంగం ఇక్కడ లేవు. అడిగేవాళ్ళు తక్కువ, కాబట్టి చెప్పేవాళ్ళూ తక్కువ.

మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ళకు పిల్లల ఆపరేషన్ అనే అర్థం స్థిరపడిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయిపోయింది. దేశంలో ఇంత ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు అరుదు. మగవాళ్ళ ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. ఈ అంకె దగ్గర తమ్ముళ్ళు ఒక్క నిమిషం ఆగండి, మళ్ళీ దీని దగ్గరికొస్తాం.

"అయితే మాకు హార్మోన్ల గొడవ ఎక్కడుంది, ఆపరేషనే కదా" అనొచ్చు. ఉంది. నాలుగు దారుల్లో వస్తోంది.

ఒకటి, మాలా-ఎన్. సబ్ సెంటర్‌లో, ఆశా దగ్గర ఉచితంగా దొరికే మాత్రలు. ఒక అట్టలో 28 ఉంటాయి. 21 తెల్లవి హార్మోన్ మాత్రలు, మిగతా 7 ఐరన్ మాత్రలు.

రెండు, మూడు నెలల సూది. ప్రభుత్వం 2017లో "అంతర" అనే పేరుతో దీన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. బయట డెపో-ప్రొవెరా అంటారు. ఒక్కో డోసు 150 మిల్లీగ్రాములు, కండలోకి వేస్తారు. వలస పోయే ఆడవాళ్ళకు ఇది సులువుగా కనిపిస్తుంది. రోజూ మాత్ర గుర్తుపెట్టుకునే పని లేదు, ఇంట్లోవాళ్ళకూ తెలియదు.

మూడు, 72 గంటల్లోపు వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. మాలా-ఎన్ తెల్ల మాత్రలో లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములుంటే ఈ ఒక్క మాత్రలో 1.5 మిల్లీగ్రాములుంటుంది. అంటే పది రోజుల మందు ఒక్కసారే. అవసరం పడినప్పుడు ఒకసారి వాడుకోవడానికి అది మంచి మందే. కానీ నెలకు రెండు మూడుసార్లు, అదే ఏకైక దారన్నట్టు, మొగుడో స్నేహితుడో తెచ్చి చేతిలో పెడితే మింగడం వేరే సంగతి.

నాలుగు, దీన్ని మనం గర్భనిరోధకం లెక్కలో కూడా వేసుకోం. జాతర వచ్చినప్పుడు, పెళ్ళి వచ్చినప్పుడు, గుడికి పోవాల్సి వచ్చినప్పుడు ముట్టు వెనక్కి జరపడానికి వేసుకునే మాత్రలు. అవి నోరెథిస్టిరాన్ అనే హార్మోన్. మామూలుగా 5 మిల్లీగ్రాములవి రోజుకు మూడు వేసుకుంటారు. "పండగ మాత్ర" అనుకుని అక్కకు తెచ్చింది చెల్లికి, చెల్లికి తెచ్చింది వదినకు పంచుకునేస్తాం. ఈ నోరెథిస్టిరాన్ పేరు గుర్తుపెట్టుకోండి. దీని అక్కచెల్లెలు లాంటి సూదికి మన తెలుగు నేల మీదే ఒక పెద్ద చరిత్ర ఉంది.

ఒంట్లో ఏం జరుగుతుంది

ఆడవాళ్ళ ఒంట్లో నెలనెలా జరిగే పనికి తాళంచెవి కడుపులో లేదు, తలలో ఉంది. మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది. అది అండాశయాలకు కబురు పంపుతుంది. ఆ కబురు అందుకుని అండాశయం ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే రెండు హార్మోన్లు తయారుచేస్తుంది. నెలలో ఒకసారి అండం విడుదలవుతుంది.

మాత్రలో, సూదిలో ఉండేవి ఈ హార్మోన్లను పోలిన, ఫ్యాక్టరీలో చేసిన మందులు. అవి రక్తంలో చేరగానే మెదడు "ఒంట్లో హార్మోన్ ఉందిలే" అనుకుని అండాశయానికి కబురు తగ్గించేస్తుంది. అండం విడుదల ఆగుతుంది. గర్భాశయ ముఖం దగ్గర జిగురు చిక్కబడి వీర్యకణం లోపలికి పోలేదు. గర్భం రాకపోవడానికి కారణం ఇదే.

మరి మనసుకు దీంతో ఏం సంబంధం? ఈ హార్మోన్లు కడుపులోనే ఉండిపోవు, రక్తంలో ఒళ్ళంతా తిరుగుతాయి, మెదడుకూ పోతాయి. ఒంట్లో సహజంగా తయారయ్యే ప్రొజెస్టిరాన్ నుంచి అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం పుడుతుంది. మెదడును నెమ్మదింపజేసే వ్యవస్థ మీద అది పనిచేస్తుంది. అండం విడుదల ఆగితే ఒంటి సొంత ప్రొజెస్టిరాన్ తగ్గుతుంది, దాంతో పాటు ఇదీ తగ్గుతుంది. బయటి నుంచి వేసిన కృత్రిమ ప్రొజెస్టిన్ అన్ని విషయాల్లోనూ సొంత హార్మోన్‌లా ప్రవర్తించదు. ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర రక్తంలో స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్‌ను కూడా తగ్గిస్తుంది. కొందరికి మొటిమలు తగ్గేదీ, కొందరికి మొగుడితో కలవాలన్న కోరిక తగ్గేదీ ఇందువల్ల కావచ్చు.

కాన్పు అయ్యాక బాలింతకు దిగులు రావడం, ముట్టుకు ముందు చిరాకు రావడం మనకు తెలుసు. హార్మోన్లు మారితే మనసు కదులుతుందని మన అమ్మమ్మలు పుస్తకాల్లో చదవకుండానే చెప్పారు. అలాంటప్పుడు, హార్మోన్లను మార్చడానికే ఇచ్చే మందుకు మనసుతో ఏ సంబంధమూ లేదని ఎలా అంటాం?

లెక్కలు ఏం చెబుతున్నాయి

"ఇదంతా మీ అనుమానం, రుజువేది" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి రుజువు ఉంది. అయితే దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. పెంచి చెబితే మనమే ఓడిపోతాం.

డెన్మార్క్ దేశంలో 15 నుంచి 34 ఏళ్ళ మధ్య ఉన్న పది లక్షల మందికి పైగా ఆడవాళ్ళ ఆరోగ్య రికార్డులను 2000 నుంచి 2013 వరకు పరిశీలించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. హార్మోన్ పద్ధతులు వాడనివాళ్ళలో ఏడాదికి నూటికి 1.7 మంది మొదటిసారి డిప్రెషన్ మందులు వాడాల్సి వస్తే, వాడేవాళ్ళలో అది 2.2. రెండు హార్మోన్లూ కలిసిన మాత్ర వాడేవాళ్ళలో 23 శాతం ఎక్కువ, ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న మాత్ర వాడేవాళ్ళలో 34 శాతం ఎక్కువ కనిపించింది. 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో తేడా ఇంకా పెద్దది. కలిసిన మాత్ర వాడేవాళ్ళలో 1.8 రెట్లు, ప్రొజెస్టిన్ మాత్రలో 2.2 రెట్లు.

ఈ చివరి అంకె మనకు ముఖ్యం. మన తండాల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళిళ్ళు ఇంకా జరుగుతున్నాయి. పెళ్ళయిన కొత్తలో మాత్ర మొదలుపెట్టేది సరిగ్గా ఈ వయసు పిల్లలే.

ఇప్పుడు రెండో వైపు. స్వీడన్‌లో 200 మందికి పైగా ఆడవాళ్ళను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు నిజమైన మాత్ర, ఇంకో గుంపుకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకు తెలియదు. 2017లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చూస్తే డిప్రెషన్ పెరిగినట్టు తేలలేదు. నెల మధ్యలో కొంచెం చిరాకు, దిగులు పెరిగాయి. ముట్టుకు ముందు వచ్చే దిగులు తగ్గింది కూడా.

ఈ రెండూ కలిపి చదివితే ఏమర్థమవుతుంది? ఎక్కువమందికి ఏమీ కాదు. కొందరికి మేలు కూడా జరుగుతుంది. ముట్టు రోజుల్లో విపరీతంగా రక్తం పోయేవాళ్ళకు మాత్ర వాడితే రక్తం నిలుస్తుంది. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంతుందో తెలుసు కాబట్టి అది చిన్న మేలేం కాదు. కానీ కొందరికి నిజంగానే మనసు కుంగుతుంది. ఆ కొందరు ఎవరో ముందే చెప్పే పరీక్ష లేదు. కాబట్టి ఆమె చెప్పే మాటే పరీక్ష. ఆమె నోరు నొక్కేస్తే ఆ పరీక్షను చింపి పారేసినట్టే.

మూడు నెలల సూది సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. దాని దుష్ఫలితాల పట్టికలో డిప్రెషన్ పేరు కంపెనీయే రాసింది. ముట్టు క్రమం తప్పడం, కొన్నాళ్ళకు పూర్తిగా ఆగిపోవడం, బరువు పెరగడం కూడా ఉంటాయి. ఎముకల సాంద్రత తగ్గుతుందని 2004లో అమెరికా ప్రభుత్వం డబ్బా మీద పెద్ద హెచ్చరిక వేయించింది. మానేశాక గర్భం రావడానికి చాలామందికి చివరి సూది నుంచి పది నెలల దాకా పడుతుంది. అన్నిటికంటే పెద్ద తేడా ఇది: మాత్ర పడకపోతే రేపు మానేయొచ్చు. సూది ఒంట్లోకి పోయాక వెనక్కి తీయలేం. మూడు నెలలు భరించాల్సిందే. వెనక్కి తీసుకోలేని మందుకు ముందు చెప్పే మాట ఎంత వివరంగా ఉండాలి? కానీ లైన్లో నిలబెట్టి రెండు నిమిషాల్లో పంపించేస్తే ఆ మాట ఎక్కడ చెప్పినట్టు?

నమ్మకపోతే ఏమవుతుంది

ఒక చెల్లెల్ని ఊహించుకోండి. పంతొమ్మిదేళ్ళు, చంకలో పది నెలల బిడ్డ. సూది వేయించుకుంది, మంచిదే అనుకుంది. నెల తిరక్కుండా నిద్ర పోయింది. అన్నం సయించదు. ఊరికే కన్నీళ్ళు. అత్తకు బద్ధకంలా కనిపిస్తుంది. మొగుడికి పొగరులా కనిపిస్తుంది. ఊళ్ళోవాళ్ళు గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు, కోడిని కోస్తారు. డబ్బులు పోతాయి, దెబ్బలు పడతాయి. ఆ పిల్ల కూడా చివరికి "నాలోనే ఏదో లోపముంది" అని నమ్మేస్తుంది. మూడు నెలలకు మళ్ళీ సూది తేదీ వస్తుంది. రెండింటికీ ముడి ఉండొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబట్టి మళ్ళీ వేయించుకుంటుంది.

ఆ దిగులు సూది వల్లే వచ్చిందని మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, అప్పులు కావచ్చు, తాగొచ్చి కొట్టే మొగుడు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, రక్తహీనత కావచ్చు. కానీ అడగాల్సిన ప్రశ్నల్లో సూది కూడా ఒకటి కావాలి. అడగడం మానేసి "అంతా నీ మనసులోనే ఉంది" అనడం వైద్యం కాదు.

ఆ మాటకు వయసు కూడా చాలా ఉంది. 1956లో అమెరికా తన అధీనంలో ఉన్న ప్యూర్టో రికో ద్వీపంలో, రియో పియెద్రాస్‌లోని పేద ఆడవాళ్ళ మీద మొదటి గర్భనిరోధక మాత్రను పెద్ద ఎత్తున పరీక్షించారు. మోతాదు ఇప్పటి మాత్రల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వందలో 17 మందికి తలనొప్పి, వాంతులు, తల తిరగడం లాంటివి వస్తున్నాయని అక్కడి డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే రాసింది. మాత్రను తయారుచేసిన శాస్త్రవేత్త గ్రెగరీ పింకస్ అది ఆ ఆడవాళ్ళ మనసులో పుట్టిందేనని కొట్టిపారేశాడు. తర్వాత 1970లో అమెరికా సెనేట్‌లో మాత్రల భద్రత మీద విచారణ జరుగుతుంటే, మాత్ర మింగిన ఒక్క ఆడదాన్నీ సాక్షిగా పిలవలేదేమని యువతులు లేచి అరిచారు. ఆ గొడవ తర్వాతే మాత్ర అట్టతో పాటు దాని ప్రమాదాలు రాసిన కాగితం పెట్టడం మొదలైంది. ఈ రోజు డబ్బాలో కనిపించే ఆ మడత కాగితం ఎవరో దానం చేసింది కాదు, అడిగి తెచ్చుకున్నది.

పటాన్‌చెరు మర్చిపోవద్దు

మన దగ్గరా అడిగినవాళ్ళున్నారు. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే సూది ప్రయోగం జరిగింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న నోరెథిస్టిరాన్‌తో చేసిందే ఆ సూది. అక్కడికి వచ్చిన పేద ఆడవాళ్ళకు ఇది ప్రయోగమని గానీ, దీని వల్ల ఏం కావచ్చో గానీ సరిగా చెప్పలేదని హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు గమనించారు. 1986లో ఢిల్లీలోని సహేలీ లాంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసు 2000 దాకా సాగింది. చివరికి, నెట్-ఎన్‌ను కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో మూకుమ్మడిగా వాడటం మంచిది కాదని ప్రభుత్వమే ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ మహిళలు సైన్సుకు వ్యతిరేకులు కారు. వాళ్ళు అడిగింది చిన్న ప్రశ్న: ఆమె ఒంట్లోకి ఏం ఎక్కిస్తున్నారో ఆమెకు చెప్పారా?

అదే ప్రశ్న 2009-10లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంలో మళ్ళీ లేచింది. గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే టీకాను దాదాపు 14,000 మంది బాలికలకు వేశారు. వాళ్ళలో ఆశ్రమ పాఠశాలల్లో చదివే మన ఆదివాసీ పిల్లలు చాలామంది. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్టు ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అప్పట్లో జరిగిన మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే. కానీ మంచి మందును కూడా చెప్పకుండా ఇస్తే ఊరు దాన్ని ఏళ్ళ తరబడి నమ్మదు. అమ్మానాన్నలుండగా వార్డెన్ సంతకం ఎందుకు సరిపోతుందనుకున్నారు? ఆదివాసీకి చెప్పినా అర్థం కాదులే అన్న చిన్నచూపు ఉండబట్టే కదా.

ఈ చిన్నచూపు ఒక్క మన దేశానిదే కాదు. మనసు మీద హార్మోన్ల ప్రభావాన్ని పది లక్షల మందిలో లెక్కగట్టి చూపిన డెన్మార్క్ గురించి ఇందాక చెప్పుకున్నాం. అదే డెన్మార్క్ 1966 నుంచి 1970 మధ్య, తన ఏలుబడిలోని గ్రీన్‌లాండ్‌లో దాదాపు 4,500 మంది ఇన్యూట్ ఆదివాసీ ఆడవాళ్ళకు, బాలికలకు లూప్‌లు వేయించింది. చాలామందికి చెప్పలేదు, అడగలేదు. అర్ధ శతాబ్దం తర్వాత ఆ ఆడవాళ్ళు నోరు విప్పారు. 2025లో డెన్మార్క్ ప్రధాని క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. 1979లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగా లాంటి ఆదిమ తెగలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. తెగ జనాభా తగ్గిపోతుందని కారణం చెప్పారు. పిల్లలు చాలనుకున్న బైగా తల్లి ఆసుపత్రికి పోతే కుదరదన్నారు. ఆ ఆంక్ష మీద బైగాలే ఛత్తీస్‌గఢ్ హైకోర్టుకు వెళ్ళి, 2018లో గెలిచారు. చూశారా? ఒకచోట అడగకుండా వేస్తారు, ఇంకోచోట అడిగినా ఇవ్వరు. రెండు చోట్లా మన ఆడవాళ్ళ ఒంటి మీద నిర్ణయం వేరేవాళ్ళదే. అందుకే మన పోరాటం "మందు వద్దు" అని కాకూడదు. "నిర్ణయం మాది, సమాచారం మా హక్కు" అని ఉండాలి.

మరి ఏం చేద్దాం

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఆపరేషన్ క్యాంపుల్లో పదిమందికి పైగా ఆడవాళ్ళు చనిపోయాక, దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016లో తీర్పు చెప్పింది. ఆపరేషన్ గురించి, దాని పర్యవసానాల గురించి ఆమెకు అర్థమయ్యే స్థానిక భాషలో వివరించాలని, ఆలోచించుకోవడానికి సమయమివ్వాలని చెప్పింది. ఆ తీర్పు ఆపరేషన్ల గురించి. కానీ దాని వెనకున్న న్యాయం సూదికీ వర్తించాలి, మాత్రకీ వర్తించాలి. మన తండాల్లో ఇంట్లో గోర్ బోలి మాట్లాడతారు, బజార్లో తెలుగు. బళ్లారి ఆసుపత్రికి పోతే కన్నడ. చీటీ మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. ఆమెకు అర్థమయ్యే భాష ఏదో అడగడంతోనే పని మొదలుకావాలి.

అక్కలూ చెల్లెళ్ళూ, సూదైనా మాత్రైనా తీసుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. దీని పేరేంటి, ఎన్నాళ్ళు పనిచేస్తుంది? నా ఒంటికి, నా మనసుకు ఏం కావచ్చు? పడకపోతే ఎలా మానాలి, మానితే ఎన్నాళ్ళకు మామూలవుతాను? దీని బదులు ఇంకేం ఉన్నాయి?

మీ వైపు నుంచి కూడా దాచకుండా చెప్పండి. ఇంతకు ముందు డిప్రెషన్ వచ్చిందా, కాన్పు తర్వాత బాగా దిగులు పడ్డారా, బీపీ ఉందా, కళ్ళ ముందు మెరుపులు కనిపించి వచ్చే తలనొప్పి ఉందా, పాలిచ్చే బిడ్డ ఉందా, కాలిలో రక్తం గడ్డకట్టిందా. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మందులు మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. అవి వాడుతుంటే తప్పకుండా చెప్పాలి.

వాడటం మొదలుపెట్టాక ఒక పాత క్యాలెండర్ తీసుకోండి. నిద్ర పట్టని రోజు, ఏడుపొచ్చిన రోజు ఒక గీత పెట్టండి. చదువు రాకపోయినా గీత పెట్టొచ్చు. రెండు నెలల గీతలు పట్టుకుని ఏఎన్ఎం దగ్గరికి పోతే "నీ భ్రమ" అనడం అంత తేలిక కాదు. మాత్ర పడలేదనిపిస్తే మానొచ్చు. కానీ మానే రోజు నుంచే ఇంకో పద్ధతి చేతిలో ఉండాలి. ఇష్టమొచ్చినట్టు ఆపేసి గర్భం తెచ్చుకోవద్దు.

ఇంకేం పద్ధతులున్నాయంటారా? కాపర్ టీలో హార్మోన్ లేదు. "ఛాయ" మాత్ర ఉంది. లక్నోలోని మన దేశ ప్రయోగశాలలో కనిపెట్టిన ఈ మందు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ మాత్రల జాతి కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి. ముట్టు ఆలస్యం కావడం లాంటి ఇబ్బందులు దీనికీ ఉన్నాయి, అవీ అడిగి తెలుసుకోండి. నిరోధ్ ఉంది. మగవాళ్ళ ఆపరేషన్ ఉంది.

ఇక తమ్ముళ్ళూ, మీరు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ ఆపరేషన్ దాదాపు 70 శాతం, మగవాళ్ళది ఒక్క శాతం కూడా లేదని చెప్పుకున్నాం కదా. కోత లేకుండా చేసే మగవాళ్ళ ఆపరేషన్ ఆడవాళ్ళ ఆపరేషన్ కంటే చిన్నది, తేలికైనది. మగతనం పోదు, బలం తగ్గదు, ఎప్పటిలాగే బరువు ఎత్తొచ్చు. జల్, జంగిల్, జమీన్ మీద మన హక్కు గురించి గొంతెత్తి నినాదమిచ్చే మనం, ఇంట్లో ఆమె ఒంటి మీద ఆమె హక్కు దగ్గరికొచ్చేసరికి మౌనంగా ఉంటే ఆ నినాదానికి బలం ఎక్కడిది? ఆమె "మనసు బాగుండట్లేదు" అంటే తాయెత్తు కంటే ముందు "ఏ మాత్ర వాడుతున్నావు, ఎప్పటి నుంచి" అని అడగండి. తోడుగా ఆసుపత్రికి పోండి.

చదువుకున్న పిల్లలకు ఇంకో పని. ఫోన్లో వచ్చే "మాత్రలు వాడితే పిల్లలు పుట్టరు", "క్యాన్సర్ వస్తుంది చచ్చిపోతారు" లాంటి వీడియోలు ముందూ వెనకా చూడకుండా పంచొద్దు. భయపెట్టడం వేరు, చెప్పడం వేరు. గ్రామసభలో, ఆరోగ్య కేంద్రం సమావేశంలో మూడు అడగండి. అంతర సూది, మాలా-ఎన్, ఛాయ గురించి మంచీ చెడూ రెండూ రాసిన కాగితం తెలుగులో గోడ మీద ఉండాలి. సూది వేసిన నెలకు ఒకసారి ఏఎన్ఎం వచ్చి రక్తం, బీపీ గురించే కాదు, నిద్ర, దిగులు గురించి కూడా అడగాలి. వలస పోయిన చోట సూది తేదీ వస్తే, లేదా పడకపోతే, ఎక్కడికి పోవాలో కార్డు మీద రాసివ్వాలి. ఆశా అక్కల మీద అరవొద్దు. వాళ్ళకు ఇచ్చిన శిక్షణలో మనసు గురించి ఎంత ఉందో పైవాళ్ళను అడగండి.

ఎవరికైనా చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రేపటి దాకా ఆగొద్దు. 14416 నంబరుకు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆమెను ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

మన నేలలో బోరు వేయాలంటే కూడా పది మందిని అడుగుతాం, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూపిస్తాం, ఖర్చెంతో తేల్చుకుంటాం. మన ఆడబిడ్డ ఒంట్లోకి మూడు నెలలు ఉండే మందు ఎక్కిస్తున్నప్పుడు ఆ పాటి విచారణ కూడా వద్దా? ఈ పోస్టు చదివిన ప్రతి ఒక్కరూ ఈ వారం మీ ఇంట్లో ఒక అక్కనో, వదిననో, చెల్లెల్నో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: "ఏం వాడుతున్నావు, ఎట్లుంది?" అడిగాక మధ్యలో అడ్డం రాకుండా వినండి.